జడివానలో వేసిన బాణం

ప్రశ్న: మా అబ్బాయి పెన్సిల్వేనియాలో ఉద్యోగం చేస్తూ, లైసెన్సు తీసుకుని విల్లుతో జింకల వేటకు వెళ్తుంటాడు. గత అక్టోబరులో జోరువానలో వేసిన బాణం జింకకు తగిలిందట గానీ, చీకటి పడేదాకా వెతికినా అది దొరకలేదని ఫోనులో చాలా బాధపడ్డాడు. వానలో వేటాడడం తప్పా? సంక్రాంతికి వచ్చినప్పుడు పాపికొండల వైపు వేటకు వెళ్దామంటున్నాడు, కుదురుతుందా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: రెండో ప్రశ్నకు ముందు చెబుతాను: కుదరదు. పాపికొండలు జాతీయ పార్కు అన్న సంగతి అటుంచినా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకల వేటను దేశమంతటా నిషేధించింది. తుపాకీ అయినా, విల్లయినా, ఉచ్చయినా ఒకటే. వేటకు ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే.

ఇక వాన సంగతి. బాణపు మొనకున్న పదునైన అంచులు లోపలి రక్తనాళాలను కోయడం వల్ల, నెత్తురు పోయి జంతువు ప్రాణం విడుస్తుంది. ఊపిరితిత్తులకు సరిగ్గా తగిలిన జింక కూడా వంద గజాల దాకా పరుగెత్తి పడిపోవచ్చు. అందుకే అనుభవమున్న వేటగాడు బాణం వదిలాక కనీసం అరగంట కదలకుండా ఉండి, ఆపైన రాలిన ఆకుల మీది రక్తపు చుక్కలను ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్తాడు. పొట్టలో తగిలిందని అనుమానం కలిగితే 6 నుంచి 12 గంటలు ఆగుతాడు. జడివానలో ఈ పద్ధతి ఏదీ సాగదు. ఆగితే జాడ కొట్టుకుపోతుంది. ఆగకుండా వెంటబడితే గాయపడ్డ జింక బెదిరి మరింత దూరం పోయి, ఏ పొదలోనో బాధపడుతూ చస్తుంది. దశరథుడు మునికుమారుణ్ణి కొట్టింది కూడా వర్షాకాలపు రాత్రే. ఆయన గురి తప్పలేదు. కంటికి కనబడనిదాని మీద బాణం వదిలాడు. బాణం పడ్డాక ఏమవుతుందో కనబడని వానలో వదలడం కూడా నా లెక్కలో అంతే తప్పు.

తుంపర పడుతుంటే మాత్రం వద్దనను. ఎండుటాకులు మెత్తబడి అడుగుల చప్పుడు తగ్గుతుంది. పెద్దవాన వెలిసిన వెంటనే జింకలు మేతకు బయటికి వస్తాయి కనుక, వెలిసేదాకా ఓపిక పట్టినవాడికి నష్టమేమీ లేదు. అప్పుడు కూడా 20, 25 గజాలకు మించి వేయవద్దని మీ అబ్బాయికి చెప్పండి.

సామగ్రిలో ముందు చూడవలసింది బాణం వెనుకనున్న రెక్కలు. మా కొబ్బరితోటలో గడ్డిమోపును గురిగా పెట్టుకుని ఆషాఢపు ముసురులో సాధన చేసిన రోజుల్లో, పక్షి ఈకలు తడిసిన కోడి రెక్కల్లా కర్రకు అంటుకుపోయి, బాణం తోక ఊపుకుంటూ పోవడం కళ్లారా చూశాను. ప్లాస్టిక్ రెక్కలకు ఆ బాధ లేదు. అల్లెతాడుకు ముందురోజే మైనం పట్టించాలి. నీరు పీల్చిన తాడు బరువెక్కి బాణాన్ని నెమ్మదింపజేస్తుంది. చెట్టు మీది మంచె మెట్లు తడిస్తే పాదం జారుతుంది, రక్షణ పట్టీ లేనిదే ఎక్కరాదు. ఉరుము వినబడితే వెంటనే దిగిపోవాలి.

బాణం వేశాక అనుకోకుండా వాన ముంచుకొస్తే, జింక నిలబడ్డ చోటు, చివరిసారి కనిపించిన చెట్టు రెండూ గుర్తు పెట్టుకోవాలి. బాణం దొరికితే దాన్ని తుడవకుండా చూడాలి: గులాబీ రంగు నురగ ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, జింక దగ్గరలోనే ఉంటుంది, వెంటనే వెతకవచ్చు, పచ్చటి మరక, దుర్వాసన ఉంటే పొట్టకు తగిలినట్టు, వాన పడుతున్నా ఆగవలసిందే. అలాంటప్పుడు తాడు పట్టి నడిపించే వేటకుక్క సాయం కావాలి. అమెరికాలో అనేక రాష్ట్రాలు దీన్ని అనుమతిస్తాయి, తన రాష్ట్రపు నిబంధన ముందే చదువుకోమనండి. అటువంటి కుక్క ఉన్నవారి ఫోను నంబరు వేటకు బయలుదేరే ముందే రాసి పెట్టుకోవాలి.