తక్కువ పందెం పోకర్‌లో ఎన్ని చిప్పులతో కూర్చోవాలి?

చిన్న పందేల నో-లిమిట్ పోకర్‌లో (ఎప్పుడైనా ముందున్న చిప్పులన్నీ పెట్టేయగల ఆటలో) 100 బిగ్ బ్లైండ్లతో (బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా పెట్టే పందెం; చిప్పులను దానితోనే కొలుస్తారు) కూర్చోవాలా, 40తో సరిపెట్టుకోవాలా అని అడిగారు. ఇద్దరిలో ఎవరి దగ్గర తక్కువ ఉందో ఆ మొత్తానికే వారిమధ్య ఆట పరిమితం కనుక, ముందు ఎదుటివారి చిప్పులను లెక్కపెట్టాలి.

విజయనగరంలో మా అరుగు మీద చింతపిక్కలతో ఆడేటప్పుడు నాకిది బోధపడింది. (ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పోకర్ ఆడటం 2020 నుంచి నిషిద్ధం, అందుకే పిక్కలు.) నాకు నాలుగుల జత వచ్చింది, ఎదుటివాడు 3 బ్లైండ్లకు పెంచాడు. ఫ్లాప్‌లో (బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల్లో) మరో నాలుగు పడే అవకాశం సుమారు 12 శాతమే. అతని దగ్గర మొత్తం 20 బ్లైండ్ల పిక్కలే ఉంటే, నాలుగు తగిలినా ఆ పైన అతని నుంచి వచ్చేది 17కు మించదు, అదీ ప్రతిసారీ రాదు కాబట్టి ముక్కలు పడేయడమే మేలు; ఇద్దరి దగ్గరా 100 ఉంటే మాత్రం అందుకోవడం (అతని పెంపుకు సమానంగా పెట్టడం) సాధారణంగా గిట్టుబాటవుతుంది.

పెద్ద జతల సంగతి దీనికి తలకిందులు. 3 బ్లైండ్ల పెంపును బిగ్ బ్లైండ్ పెట్టినవారు ఒక్కరే అందుకుంటే, స్మాల్ బ్లైండ్‌వారు ముందే పెట్టిన సగం బ్లైండ్‌తో కలిపి పాట్ (మధ్యలో చేరిన పందెం) 6.5 బ్లైండ్లు అవుతుంది, 17 బ్లైండ్లు మిగిలినవారు ఆసుల జత పడగానే సాధారణంగా మొత్తం పెట్టేయవచ్చు గానీ, 97 మిగిలినవారు ఆ ఒక్క జతను నమ్మి అంత తెగించడం, నా దృష్టిలో, కొత్తవారు చేసే అత్యంత ఖరీదైన తప్పు.

అందుచేత ఫ్లాప్ తర్వాతి ఆటలో తడబడేవారు 40తో మొదలుపెట్టి, ఎదుటివారు తమకన్నా బలహీనులని తేలాక 100కు నింపుకోవచ్చు.