సియోల్‌లో డ్రామా కంపెనీ పెట్టబోతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి,
పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ, నీ ఇద్దరు కొరియా స్నేహితులూ కలిసి సియోల్‌లో డ్రామా నిర్మాణ కంపెనీ పెడతామని రాసిన ఉత్తరం అందింది. దాంతో పంపిన మూడేళ్ల లెక్కల పట్టిక కూడా చూశాను. ఆఫీసు అద్దె, జీతాలు, కెమెరాల బాడుగ అన్నీ వేశారు. హక్కుల గురించి మాత్రం ఒక్క వరుస కూడా లేదు. కొరియాలో ఎదిగిన కంపెనీకీ, నాలుగు హిట్లు తీసి కూడా అద్దె కట్టడానికి తడుముకునే కంపెనీకీ తేడా ఎక్కువగా ఆ వరుసలోనే ఉంటుంది. అందుకే ముందు దాని సంగతే రాస్తాను.

వంద కోట్ల వోన్ అంటే మన ఆరు కోట్ల రూపాయల చిల్లర. ఎపిసోడ్‌కి వంద కోట్ల వోన్ చొప్పున పదహారు ఎపిసోడ్ల డ్రామా అనుకో. ఇది నీకు అర్థం కావడానికి వేస్తున్న లెక్క, ఏ కంపెనీదీ కాదు. మొత్తం ఖర్చు 1,600 కోట్ల వోన్. దీన్ని ఓటీటీకి ‘ఒరిజినల్’గా, అంటే హక్కులన్నీ వాళ్లకే వదిలి ఇచ్చేస్తే ఖర్చంతా వాళ్లు భరించి, పైన పదో పదిహేనో శాతం లాభం ఇస్తారు. అంటే 160 నుంచి 240 కోట్లు మిగులుతాయి, రిస్కు లేదు. రెండో దారిలో ప్రసార హక్కు ఛానెల్‌కి 960 కోట్లకీ, విదేశీ స్ట్రీమింగు హక్కు వేరొకరికి 800 కోట్లకీ అమ్ముతారు. బ్రాండ్ల మీదా పాటల మీదా ఇంకో 80 కోట్లు వస్తాయి. మొత్తం 1,840. ఖర్చు పోను 240 మిగిలింది.

మొదటి ఏడాది రెండూ ఒకటే కదా అంటావు. నిజమే, చాలామంది కుర్రకారు అక్కడే ఆగిపోయి మొదటి దారి పడతారు. కూలికి పోతే సాయంత్రానికి డబ్బు చేతిలో పడుతుంది, పొలం మాత్రం ఆసామిదే. రెండో దారిలో స్ట్రీమింగు గడువు తీరాక మళ్లీ అమ్ముకోవచ్చు. రీమేకు, రెండో సీజను, వెబ్‌టూన్ (ఫోన్లో చదివే బొమ్మల కథ), రంగస్థల నాటకం, బొమ్మలూ పుస్తకాలూ అన్నీ మీవే. కాకపోతే ఆ 800 కోట్ల విదేశీ అమ్మకం జరగలేదనుకో, 560 కోట్ల వోన్ గుంత పడుతుంది. కొత్త కంపెనీ అందులోంచి లేవదు. కాబట్టి హక్కులు ఉంచుకోవాలంటే ముందు ఆ గుంతని తట్టుకునే డబ్బుండాలి.

ఏస్టోరీ అనే కంపెనీ చేసిన పని ఈ వరుసలోనే చూడు. నెట్‌ఫ్లిక్స్‌కి ‘కింగ్‌డమ్’ ఒరిజినల్‌గా తీసి ఇచ్చింది. 2019 జులైలో కోస్డాక్ అనే కొరియా షేర్ మార్కెట్లోకి వెళ్లి డబ్బు సమకూర్చుకుంది. ఆ తర్వాతే ‘ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ’ని ఒరిజినల్‌గా ఇవ్వకుండా హక్కులు తన దగ్గరే పెట్టుకుంది. దేశంలో ప్రసారం ఈఎన్‌ఏ అనే చిన్న ఛానెల్‌కి, స్ట్రీమింగు నెట్‌ఫ్లిక్స్‌కి ఇచ్చింది. 2022 జూన్ చివర్లో మొదటి ఎపిసోడ్‌కి వచ్చిన రేటింగు ఒక్క శాతం లోపే. ఆగస్టులో ఆఖరి ఎపిసోడ్‌కి 17.5 శాతం. డ్రామా ఇంకా నడుస్తుండగానే దాని వెబ్‌టూన్ మొదలైంది. ‘స్క్విడ్ గేమ్’ దీనికి రెండో వైపు. అది ప్రపంచమంతా ఆడింది, హక్కులు మాత్రం నెట్‌ఫ్లిక్స్‌వే. ఒరిజినల్ చేయడం తప్పని కాదు. మొదటి ఒకటి రెండు ఒరిజినల్స్‌తో పేరూ నగదూ సంపాదించి, మూడోదానికి హక్కుల బేరం ఆడండి అంటున్నాను. మొదటిదానికే హక్కులన్నీ కావాలని పట్టుబడితే మీతో ఎవరూ మాట్లాడరు.

ఇక రచయితలు. కొరియాలో డ్రామా రచయిత పేరు మీద అమ్ముడుపోతుంది, దర్శకుడు తర్వాత. సీజే అనే పెద్ద వినోద సంస్థ వాళ్ల డ్రామా విభాగం 2016 మేలో విడిపోయి స్టూడియో డ్రాగన్ అయినప్పుడు అదే ఏడాది కొన్న కంపెనీలు చూడు. హ్వా అండ్ డామ్ పిక్చర్స్‌తో కిమ్ ఉన్-సుక్, కల్చర్ డిపోతో పార్క్ జి-ఉన్, కేపీజేతో కిమ్ యంగ్-హ్యున్, పార్క్ సాంగ్-యన్ వచ్చారు. ఆ కొనుగోళ్లలో అసలు సరుకు రచయితల ఒప్పందాలే. ‘గాబ్లిన్’, ‘మిస్టర్ సన్‌షైన్’, ‘క్రాష్ లాండింగ్ ఆన్ యు’ ఆ కలాల నుంచే వచ్చాయి. కంపెనీ 2017 నవంబరులో కోస్డాక్‌లో నమోదైంది.

మీకు ఆ స్థాయి రచయితలు దొరకరు, దొరికినా అడ్వాన్సు ఇవ్వలేరు. పెద్ద కంపెనీలు కూడా కొత్తవాళ్లని వెతుకుతున్నాయి. సీజే వాళ్లు 2017లో ‘ఓపెన్’ అనే శిక్షణ పథకం పెట్టారు. ‘హోమ్‌టౌన్ చా చా చా’ రాసిన షిన్ హా-ఉన్ అందులోంచే వచ్చింది. మీరు చేయాల్సింది ఇది: నలుగురు కొత్త రచయితలతో చిన్న చిన్న అడ్వాన్సుల మీద ఒప్పందం రాసుకోండి. ఒక్కొక్కరితో ఒకే కథ. దశలవారీగా చెల్లించండి. కథాసారాంశం, పాత్రల వివరం అందాక కొంత, మొదటి ఎపిసోడ్‌కి కొంత, నాలుగో ఎపిసోడ్ అయ్యాక మిగతాది. నాలుగు ఎపిసోడ్ల పూర్తి స్క్రిప్టు చేతిలో ఉంటేనే ఛానెల్ తలుపు తట్టాలి. ఒక్కో ఎపిసోడ్ డెబ్బై నిమిషాలది, కాగితం మీద ముప్ఫై ఐదు పేజీల దాకా వస్తుంది. ఆ నాలుగింటికే ఏడాది పడుతుందని లెక్క వేసుకో, మీ పట్టికలో మూడు నెలలు వేశారు. నలుగురిలో ఒక్కరి కథ తెర మీదకి వెళ్తే అదృష్టమే.

రచయితలకిచ్చిన అడ్వాన్సు పుస్తకాల్లో ఆస్తిగా కనబడుతుంది. రాయకుండా మానేస్తే అది నష్టం కింద కొట్టేయాలి. ఏటా డిసెంబరులో ఒక్కో ఒప్పందం తీసి ‘ఇది నిజంగా వస్తుందా’ అని చూసి, రానివి అప్పుడే కొట్టేయండి. లేకపోతే పెట్టుబడిదారుడి ఆడిటర్ వచ్చిన రోజు అన్నీ ఒక్కసారే బయటపడతాయి. ఇంకో మాట, రచయిత కథ వెనక్కి తీసుకునే గడువు కూడా ఒప్పందంలో రాయండి. రెండేళ్లలో మీరు తీయలేకపోతే, ఇచ్చిన అడ్వాన్సు తిరిగిచ్చి వాళ్లు తీసుకెళ్లవచ్చని. ఆ షరతు ఉందని తెలిస్తే మంచి రచయితలు మీ దగ్గరికి వస్తారు.

షూటింగుకి వద్దాం. వారానికి రెండు ఎపిసోడ్లు ప్రసారం చేస్తూ, ఆ వారంవి ఆ వారమే తీసే పద్ధతి చాలా కాలం నడిచింది. సెట్ మీదకి ఆ రోజు సీన్లు మాత్రమే చీటీల్లా వచ్చేవి. 2017 డిసెంబరులో ‘ఎ కొరియన్ ఒడిస్సీ’ రెండో ఎపిసోడ్ ప్రసారం మధ్యలో ఆగిపోయింది, గ్రాఫిక్స్ పూర్తి కాక వైర్లు తెర మీద కనబడ్డాయి. దానికి ముందురోజే సెట్లో దీపాల గుత్తి బిగిస్తున్న ఒకతను పైకప్పు నుంచి పడి వెన్నెముక దెబ్బతింది. ఇప్పుడు వారానికి 52 గంటల పని చట్టం ఉంది. 2018 జులైలో మొదలై, 2021 జులై నాటికి ఐదుగురున్న సంస్థ దాకా వర్తించింది. పదిహేనేళ్ల లోపు పిల్లలైతే వారానికి 35 గంటలే, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పని చేయించకూడదు. మీ కథలో ఏడేళ్ల పాప ఉంది, రాత్రి సీన్లు పద్నాలుగున్నాయి. సాయంత్రం చీకటి త్వరగా పడే నవంబరు, డిసెంబరు, జనవరిలో వాటిని పెట్టుకో, లేదా రాత్రిని ఇంటి లోపలికి మార్చు.

మొదటి ప్రసారం నాటికి పదహారులో కనీసం పది ఎపిసోడ్లు తీసి ఉండాలి. ఎనిమిదింటికి ఎడిటింగ్ అయిపోవాలి. రెండు యూనిట్లు పెడితే తొందరగా అవుతుందని అందరూ అంటారు. అవుతుంది గానీ హీరో హీరోయిన్లు ఒక్కరే కదా, రెండో యూనిట్‌కి వాళ్లు దొరకరు. రెండో యూనిట్ సీన్లు ముందే విడిగా గుర్తించకపోతే ఆ యూనిట్ బాడుగ తింటూ కూర్చుంటుంది.

అందరూ చిన్నచూపు చూసేది ఫైళ్లు అప్పగించే పని. విదేశీ అమ్మకం ఇక్కడే చెడుతుంది. ప్రతి ఎపిసోడ్‌కి సంభాషణలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాకు వేరుగా కావాలి. అది లేకపోతే డబ్బింగు చేసేవాళ్లు తలుపు చప్పుడు దగ్గర నుంచి మళ్లీ పుట్టించాలి, కొనేవాడు ఆ ఖర్చు మీ ధరలో కోసేస్తాడు. కొరియా అక్షరాలు పడిన ప్రతి షాటుకీ అక్షరాల్లేని ప్రతి ఉంచండి. పాటల సంగతి మరీ జాగ్రత్త. సీన్లో వాడిన ఇంగ్లిషు పాటకి కొరియా ప్రసారం వరకే అనుమతి తీసుకుని, తర్వాత ఓటీటీలో ఆ పాట తీసేసి వేరే సంగీతం అతికించిన డ్రామాలు ఉన్నాయి. ముద్దు సీను వెనకాల లిఫ్టులో వినిపించే సంగీతంలాంటిది పడితే ఎలా ఉంటుందో ఊహించుకో. అనుమతి తీసుకునేటప్పుడే ‘అన్ని దేశాలు, అన్ని మాధ్యమాలు’ అని అడగండి. ధర మించితే ఆ పాటే వద్దు.

తెలుగు డబ్బింగు ఆడియో గురించి కూడా ఒక వాక్యం రాయించు. లైసెన్సు తీసుకున్న ఓటీటీ హైదరాబాదులోనో చెన్నైలోనో డబ్బింగు చేయిస్తుంది. మూడేళ్ల గడువు తీరి నువ్వు ఇంకొకరికి అమ్మబోతే ఆ ఆడియో ఎవరిది? ఒప్పందంలో లేకపోతే వాళ్లదే. ‘గడువు తీరాక అసలు ఖర్చులో సగానికి మించకుండా మాకు ఇవ్వాలి’ అని ముందే పెట్టుకో. రీమేకు హక్కు కూడా భాషలవారీగా విడగొట్టి పెట్టు. ‘ఓ బేబీ’ 2019లో తెలుగులో వచ్చింది కొరియా సినిమా ‘మిస్ గ్రానీ’ నుంచే, నిర్మాతల్లో కొరియా కంపెనీ క్రాస్ పిక్చర్స్ కూడా ఉంది. ‘భారతీయ భాషలన్నీ’ అని ఒకే మాటతో ఒకరికే ఇచ్చేశావంటే, హిందీలో తీసి మిగతావి మూలన పడేస్తారు.

కొనేవాడు ఒక్కడే ఉంటే ఏమవుతుందో కొరియా వాళ్లు ఒకసారి చూశారు. 2016లో ‘డిసెండెంట్స్ ఆఫ్ ది సన్’ ముందే మొత్తం తీసి చైనాలో ఒకేసారి చూపించాక, అందరూ చైనానే నమ్ముకున్నారు. అదే ఏడాది జులైలో కొరియాలో అమెరికా వాళ్ల థాడ్ క్షిపణి రక్షణ వ్యవస్థ పెడతామని ప్రకటించాక, అది నచ్చక చైనా తలుపులు చెప్పాపెట్టకుండా మూసుకున్నాయి. ‘సైమ్‌డాంగ్’ అనే డ్రామా తీసి పెట్టుకుని చైనా అనుమతి కోసం ఎదురుచూసి, చివరికి 2017 జనవరిలో కొరియాలోనే విడుదల చేశారు. ఇప్పుడు ఆ చోటులో నెట్‌ఫ్లిక్స్ ఉంది. స్టూడియో డ్రాగన్ 2019 నవంబరులో దానితో మూడేళ్ల ఒప్పందం చేసుకుని బాగా పెరిగింది. అయినా 2023లో సుమారు 75,000 కోట్ల వోన్ ఉన్న ఆదాయం 2024లో 55,000 కోట్ల దరిదాపుల్లోకి దిగింది. ఛానెళ్లు డ్రామా స్లాట్లు తగ్గించాయి, తారల పారితోషికం మాత్రం తగ్గలేదు. అంత పెద్ద కంపెనీయే అలా ఊగితే మీ పట్టికలో ఏటా ముప్ఫై శాతం పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. రెండో ఏడాది ఆదాయం సున్నా అని వేసి, కంపెనీ బతుకుతుందో లేదో చూసుకోండి.

ప్రతి డ్రామాకీ విడిగా ఒక ప్రత్యేక సంస్థ పెట్టండి. అక్కడి సాంస్కృతిక పరిశ్రమల చట్టంలో దానికి వీలుంది. ఆ డ్రామా డబ్బు ఆ ఖాతాలోనే తిరుగుతుంది, పెట్టుబడి పెట్టినవాడికి నమ్మకం ఉంటుంది, ఒకటి మునిగితే ఇంకోటి మునగదు. ఒక డ్రామా అడ్వాన్సుతో ముందు డ్రామా బకాయిలు తీర్చే అలవాటు ఈ రంగంలో కంపెనీల్ని మింగింది. నటులకీ, లైట్‌బాయ్‌లకీ డబ్బు ఎగ్గొట్టిన మాట సియోల్‌లో ఒక్క వారంలో పాకుతుంది, తర్వాత మంచి కెమెరామన్ దొరకడు. పన్ను రాయితీని మాత్రం మొదటి ఏడాది ఆదాయంలో కలపొద్దు. చిన్న కంపెనీలకి 2024 నుంచి నిర్మాణ ఖర్చు మీద పెంచారు, మంచిదే. కానీ అది కట్టాల్సిన పన్నులోంచి తగ్గించేది. లాభం లేని ఏడాది చేతికి పైసా రాదు.

డ్రామా మధ్యలో వస్తువులు చూపించే బ్రాండ్ల ప్రచారం 2010 నుంచి చట్టబద్ధమే. వస్తువు తెరలో నాలుగో వంతు దాటకూడదు. స్క్రిప్టు పూర్తికాకుండా బ్రాండుతో సంతకం చేయకండి. ‘విన్సెంజో’లో ఇటలీ నుంచి వచ్చిన లాయరు చేత చైనా కంపెనీ తయారుచేసిన బిబింబాప్ (కొరియా వాళ్ల కలగలుపు అన్నం) తినిపిస్తే ప్రేక్షకులు మండిపడ్డారు. చరిత్ర డ్రామా మొదటి అయిదేళ్లు ముట్టుకోకు. 2021 మార్చిలో ‘జోసన్ ఎక్సార్సిస్ట్’లో చైనా తీరు వంటలూ వస్తువులూ కనబడ్డాయని గొడవైంది. ప్రకటనదారులు తప్పుకున్నారు, రెండు ఎపిసోడ్లకే ఎస్‌బీఎస్ ఛానెల్ ఆపేసింది. అప్పటికి షూటింగు దాదాపు 80 శాతం అయిపోయింది.

నీ వీసా గురించి అడిగావు. విదేశీ పెట్టుబడి వీసాకి నీ పేరు మీద పది కోట్ల వోన్ పెట్టుబడి కావాలి, అంటే అరవై లక్షల రూపాయల పైచిలుకు. ఆ డబ్బు ఇక్కడి బ్యాంకు నుంచి సరైన పత్రాలతో అక్కడి కంపెనీ ఖాతాలోకి నేరుగా వెళ్లాలి. స్నేహితుల ఖాతాలోంచి తిప్పితే చిక్కులొస్తాయి. స్వతంత్ర నిర్మాణ సంస్థగా నమోదు కూడా చేయించుకోవాలి, అది మీ కొరియా స్నేహితులు చూసుకుంటారు.

ఆఫీసు సాంగమ్-డాంగ్‌లోనే ఉండాలా అని రాశావు. ఎంబీసీ, సీజే, జేటీబీసీ లాంటి ఛానెల్ సంస్థలు అక్కడే ఉన్నాయి కాబట్టి మీటింగులకి సులువే, అద్దె మాత్రం ఎక్కువ. మొదట్లో ఆ చుట్టుపక్కల మెట్రో దగ్గర రెండు గదుల ఆఫీసుటెల్ (ఇల్లుగానూ ఆఫీసుగానూ వాడుకునే ఫ్లాటు) చాలు. లోపలి గది రచయితలకి ఇవ్వండి, ఫోన్లు బయటి గదిలోనే ఉండాలి. ఛానెల్ నుంచి మొదటి ఒప్పందం ముసాయిదా వచ్చినప్పుడు సంతకం పెట్టకముందు హక్కుల పేజీ, చెల్లింపుల పేజీ స్కాన్ చేసి నాకు పంపు.

ఇట్లు,
పెదనాన్న