కార్నివాల్ సంగతి తర్వాత, ముందు మధ్యాహ్నం ఒంటిగంటకు చలివేంద్రం దగ్గర ఎవరుంటారో తేల్చండి

మీరు అడిగింది ఇది: కాలనీ అసోసియేషన్ తరఫున ఈ వేసవికి ఏదైనా చేద్దామనుకుంటున్నారు. చలివేంద్రం, ఎండ జాగ్రత్తల మీద అవగాహన ర్యాలీ, పిల్లలకు కార్నివాల్ అనుకున్నారు. వీటిలో ఏది నిజంగా ఉపయోగపడుతుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పమన్నారు.

ర్యాలీ వద్దు. ఎండలో తిరగకండి అని చెప్పడానికి స్కూలు పిల్లల్ని ఎండలో నడిపించడం ఒక్క మన దగ్గరే చూస్తాం. పైగా ముందు నడిచే పెద్దమనిషికి గొడుగు పట్టడానికి ఒకడుంటాడు, వెనక పిల్లలకు ప్లకార్డే గొడుగు.

మాది విజయవాడ, మొగల్రాజపురం కొండ కింద. ఎండల గురించి ఈ ఊరివాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అనంతపురంలో ఉండే మా బావమరిది "మాకు నలభై ఒకటి, మీకు ముప్పై తొమ్మిదేగా" అంటాడు. ఒక్క మే నెల వచ్చి మా ఇంట్లో ఉండమనండి. ఇక్కడ గాలిలో తేమ ఉంటుంది, పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఇక కొండ మీద రేకుల ఇళ్లవాళ్ల గోడు చెప్పక్కర్లేదు. పగలంతా కాలిన బండ రాత్రి పదకొండైనా సెగ కక్కుతూనే ఉంటుంది. చాపలు పట్టుకుని మెట్ల మీదకొచ్చి పడుకుంటారు.

ఇక చలివేంద్రాలు. ఉగాదికో శ్రీరామనవమికో ప్రారంభిస్తారు. రిబ్బను, ఫ్లెక్సీ, పుచ్చకాయ ముక్కలు, మజ్జిగ ప్యాకెట్లు, ఫోటోలు. మొదటి రెండు వారాలు కుండ నిండుగా ఉంటుంది. తర్వాత నింపేవాడు పెళ్లిళ్లకు వెళ్తాడు. అసలు ఎండలు మండే రోహిణి కార్తె, అంటే మే ఆఖరు వారం వచ్చేసరికి కుండ అడుగున నాచు ఉంటుంది, గ్లాసు గొలుసుతో సహా మాయమైపోయి ఉంటుంది. ఫ్లెక్సీ మాత్రం చెక్కుచెదరదు.

మా సందు మొదట్లో వేపచెట్టు కింద అలాంటిదే ఒకటి ఉండేది. పెట్టినవాళ్లు వదిలేశాక పక్కన టిఫిన్ బండి నడిపే అక్క దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. కుండ చుట్టూ గోనెపట్టా కట్టి, ఉదయం దోసెలు అయిపోయాక దాన్ని తడిపి, కుండ కడిగి నింపేది. ముంచుకోవడానికి పొడవాటి కాడ ఉన్న గరిటె పెట్టింది, ఎవరి చేతులూ నీళ్లలో పడకుండా.

ఆ రోహిణి కార్తెలోనే జరిగింది. పైన కడుతున్న ఇంటికి టైల్స్ లోడు వచ్చింది. ముఠా కూలీలు దింపుతున్నారు. మధ్యాహ్నం ఒకటిన్నర అయి ఉంటుంది. వాళ్లలో ఒకతను కుండ దగ్గరకు వచ్చి, నీళ్లు తాగకుండా నిలబడి, "గుడివాడ బస్సు వెళ్లిపోయిందా?" అని అడిగాడు. మా సందులోకి ఆటో రావడమే కష్టం, బస్సేమిటి? జిరాక్స్ షాపు కుర్రాడు నవ్వాడు. "పొద్దున్నే వేసుకొచ్చాడు" అన్నాడు ఇంకొకాయన. అతను మళ్లీ అదే ప్రశ్న అడిగి, చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. అలాగే పక్కకు ఒరిగిపోయాడు.

మా వీధిలో రిటైరైన స్టాఫ్ నర్సు ఒకావిడ ఉన్నారు. అందరం పిన్నిగారూ అనే పిలుస్తాం. కేకలు విని ఆవిడ చెప్పుల్లేకుండానే వచ్చేశారు. అప్పటికి అక్కడ ఉన్నవాళ్లంతా డాక్టర్లే. ఒకరు సోడా తెచ్చి నోట్లో పొయ్యబోతున్నారు. ఒకరు ఉల్లిపాయ పగలగొట్టి అరికాళ్లకు రుద్దుతున్నారు. మెడికల్ షాపు నుంచి ఒకబ్బాయి జ్వరం బిళ్ల పట్టుకొచ్చాడు.

"నోట్లో ఏమీ పొయ్యకండి! స్పృహలో లేని మనిషి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అని సోడా సీసా లాక్కున్నారు పిన్నిగారు. మెడ మీద చెయ్యి వేసి చూసి, "చొక్కా విప్పండి. కుండలో నీళ్లన్నీ మీద కుమ్మరించండి" అన్నారు.

"తాగి పడిపోయాడేమోనండీ..."

"వాసనేమైనా వస్తోందా నాన్నా? ఒళ్లు చూడు, పెనంలా కాలిపోతోంది."

"చెమట పడుతోంది కదా పిన్నిగారూ, వడదెబ్బైతే చెమట రాదంటారుగా?"

"అది ఇంట్లో మంచాన పడి ఉన్న ముసలివాళ్లకి. బరువులు మోస్తూ పడినవాడికి చెమట ఉంటుంది. మాటలాపి గోనెపట్టా ఇటివ్వు."

తడిపిన గోనెపట్టా అతని మీద పరిచారు. జిరాక్స్ షాపులోంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి, వైరు లాగి, నీళ్లకు దూరంగా ఎత్తు మీద పెట్టించారు. సోడా బండి మీది ఐసు తువ్వాల్లో మూటకట్టి మెడకి ఇరువైపులా, చంకల్లో, గజ్జల్లో పెట్టించారు. రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉండే చోట్లు అవి, అక్కడ పెడితే ఒళ్లంతా త్వరగా చల్లబడుతుందట. చెట్టు నీడ జరిగిపోయి ఎండ అతని కాళ్ల మీదకి వస్తోంది. నేనూ ఇంకొకాయనా కలిసి చలివేంద్రం ఫ్లెక్సీ ఊడదీసి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాం. ఎనిమిది మంది నాయకులు నమస్కారం పెడుతున్న ఆ ఫ్లెక్సీ పనికొచ్చింది ఆ ఒక్కసారే.

108కి ఫోన్ చేసిన కుర్రాడికి అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. అవతలివాళ్లు అడ్రస్ అడుగుతున్నారు. "వేపచెట్టు దగ్గరండీ" అంటాడు వీడు. ఏ వేపచెట్టు? డోర్ నంబరు తెలీదు, వీధి పేరు బోర్డు మీద ఎవడో ట్యూషన్ పోస్టరు అంటించాడు. చివరికి మెయిన్ రోడ్డు మీదకు పరిగెత్తి నిలబడితే అంబులెన్సు దొరికింది.

అతను బతికాడు. పెద్దాసుపత్రిలో ఉంచి పంపేశారు. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపకపోవడమే అతన్ని కాపాడిందని పిన్నిగారు ఇప్పటికీ అంటారు, నేనూ అదే నమ్ముతాను. వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారన్‌హీట్ దాటిపోయి మెదడు మీద దెబ్బ పడుతుంది. అందుకే ఆ గుడివాడ బస్సు. జ్వరం బిళ్ల ఆ వేడిని దించలేదు, అది జ్వరం కాదు కాబట్టి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. సంబంధం లేకుండా మాట్లాడే కూలీని చూసి తాగాడని నవ్వుకుని వెళ్లిపోతే, అక్కడే ప్రాణం పోతుంది. 2015 మే నెలాఖరులో ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి దాదాపు రెండు వేల మంది ఎండకు పోయారు. వాళ్లలో ఎంతమందిని చూసి జనం ఇలాగే నవ్వి ఉంటారో!

కాబట్టి మీ అసోసియేషన్‌కు నేను చెప్పేది ఒకటే. కుండ పెట్టడం గొప్ప కాదు. పన్నెండు నుంచి నాలుగు దాకా దాని పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి ఈ నాలుగు ముక్కలూ తెలిసి ఉండాలి. వంతులు వేసుకోండి. రాసి గోడకు అంటించండి, ఏ రోజు ఎవరో. అహ్మదాబాద్ 2010 ఎండల్లో దెబ్బతిని 2013లో నగరం మొత్తానికి ఒక ప్లాన్ రాసుకుంది. అందులో మంత్రమేమీ లేదు, హెచ్చరిక రాగానే ఎవరు ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకోవడమే. మనకు విపత్తుల సంస్థ నుంచి మండలాలవారీగా హెచ్చరికలు వస్తూనే ఉంటాయి. ఆ మెసేజ్‌ను మనం చేసేదల్లా ఫ్యామిలీ గ్రూపులోకి ఫార్వర్డ్ చెయ్యడం. అది కింద టైల్స్ దింపుతున్నవాడికి చేరదు.

చలివేంద్రం మీద నాయకుల బొమ్మల బదులు ఆ చోటు అడ్రస్ పెద్ద అక్షరాలతో రాయించండి. డోర్ నంబరు, వీధి, మెయిన్ రోడ్డు నుంచి దారి, 108. పెయింటర్‌కు ఒక పూట పని.

ఐసు గురించి కూడా చెప్పాలి. దాతలెవరో ఐసు దిమ్మలు తెచ్చి కుండలో పడేస్తుంటారు. చేపలకు వాడే ఐసు అది, తాగే నీళ్లతో చేసింది కాదు. మూటకట్టి చంకలో పెట్టడానికి భేషుగ్గా పనికొస్తుంది, తాగడానికి కాదు. కుండ కింద ఇసుక పోసి తడిపితే చాలినంత చల్లగా ఉంటాయి నీళ్లు.

ఓఆర్ఎస్ పంచుతామంటే మంచిదే, కానీ సరైనది పంచండి. 20.5 గ్రాముల ప్యాకెట్టు, సరిగ్గా ఒక లీటరు నీళ్లలో. "గ్లాసులో సగం ప్యాకెట్టు వేస్తే ఎక్కువ శక్తి" అని ఎవరో చెప్తారు, వినకండి. ఇన్నేళ్లూ ఓఆర్ఎస్ అని పేరు తగిలించి పంచదార నీళ్లు అట్టడబ్బాల్లో అమ్మారు. మా కాలనీలో పోయిన ఏడాదికి ముందు పంచినవి కూడా అవే. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దాని మీద పోరాడితే, 2025 అక్టోబరులో గానీ ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్రం ఆహార భద్రతా సంస్థ, ఆ పేరు వాడకూడదని చెప్పలేదు. ఇంత పెద్ద దేశంలో అది కనిపెట్టడానికి ఒక్క డాక్టరమ్మే దొరికింది! ఇక ఖర్చు తగ్గాలంటే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. కూలీలు ప్యాకెట్టు కంటే దాన్నే ఇష్టంగా తాగుతారు. కరివేపాకు, అల్లం మీ ఓపిక.

పిల్లల గురించి అడిగారు కాబట్టి ఒక మాట. మా ఊళ్లో వేసవి సెలవుల్లో భయపడాల్సింది ఎండకు కాదు, కృష్ణకు. నీళ్లు తక్కువగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఇసుక తవ్విన గుంతలు పైకి తెలియవు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు తర్వాతి అడుగులో మునిగిపోతాడు. వాడి కోసం ఈత రాని ఇంకో ఇద్దరు దూకుతారు. ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. మీ కార్నివాల్ బడ్జెట్‌లో మ్యాజిక్ షో తీసేసి, ఆ డబ్బుతో కాలనీ పిల్లలను కోచ్ ఉన్న కొలనుకు పంపండి. వాళ్లకు ఇంకొకటి కూడా నేర్పించండి: మునిగేవాడి కోసం దూకకు, చున్నీయో తాడో విసురు, అరిచి పెద్దవాళ్లను పిలువు.

ఊళ్లకు వెళ్లేవాళ్ల ఇళ్ల సంగతి మర్చిపోయాను. పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఉంది, తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి కనిపెడతారు, డబ్బులు తీసుకోరు. మా కాలనీలో సగం మందికి అది ఉందనే తెలీదు. తెలిసినవాళ్లు కూడా "తిరుపతి వెళ్తున్నాం, నాలుగు రోజులు ఉండం" అని స్టేటస్ పెట్టి మరీ వెళ్తారు.

కార్నివాల్ పెట్టే తీరాలంటే పెట్టుకోండి, సాయంత్రం ఆరున్నర తర్వాత. కొండ మీదివాళ్లను, వాచ్‌మన్ కుటుంబాలను కూడా పిలవండి, లేకపోతే అది ఏసీ ఇళ్లలో ఉండేవాళ్లు ఏసీ ఇళ్లలో ఉండేవాళ్లకు చెప్పుకునే ఎండ జాగ్రత్తలవుతుంది. డీజే మాత్రం వద్దు. మే నెలంటే ఈఏపీసెట్ రాసే పిల్లలున్న ఇళ్లు. మా పైవాటాలో ఒకమ్మాయి పోయినేడు పరీక్ష ముందు రాత్రి చెవుల్లో దూది పెట్టుకుని చదివింది. కింద అసోసియేషన్ సెక్రటరీ గారు కుర్రాళ్లతో కలిసి డాన్స్ చేస్తున్నారు. ఆపమని అడిగితే "ఏడాదికి ఒక్క రోజే కదండీ" అన్నారు.