ఆ 73.6 సంగతి కాస్త చూద్దాం అబ్బయ్యా

అబ్బయ్యా,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు రెండుసార్లు చూశాను. మైపాడు దగ్గర పది ఎకరాల రొయ్యల గుంటలు లీజుకి తీసుకోవాలా వద్దా అని వరసలు రాసి, ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులేసి, వెయిటేజీలు కట్టి, వందకి 73.6 వచ్చింది కాబట్టి దిగుదామంటున్నావు. బాగానే చేశావు, కానీ మొన్న ఆదివారం పంపినదాంట్లో 58 ఉంది కదరా! ఈలోపు గుంటలేం మారలేదు, రోడ్డుకి నువ్వు వెయిటేజీ పెంచావు, అంతే.

నీళ్లకి నువ్వే పదికి మూడేశావు. రోడ్డు, కరెంటు, లీజు రేటు కలిసి ఆ మూడుని కప్పేశాయి. కాగితం మీద కప్పుతాయి, గుంటలో కప్పవు. 1994లో రొయ్యలకి తెల్లమచ్చ వైరస్ జబ్బు వచ్చినప్పుడు మనకి రోడ్డూ ఉంది, ఇంజన్లూ ఉన్నాయి, మేతకీ లోటు లేదు. పక్కాయన జబ్బు గుంట నీళ్లు రాత్రికి రాత్రి కాలవలోకి వదిలాడు, తెల్లారి మనం అదే కాలవ నుంచి తోడుకున్నాం. వారం తిరక్కుండా టైగర్ రొయ్యలు గట్టు వెంబడి ఎర్రగా తేలాయి. మీ పిన్ని గాజులు బ్యాంకుకి పోయింది అప్పుడే.

ఇంకోటి, సీడు (గుంటలో వదిలే రొయ్య పిల్లలు), జబ్బు, బతికే శాతం అని మూడు వరసలు పెట్టావు. సీడు బాగుంటే మిగతా రెండూ కొంత బాగుంటాయి, అంటే ఒకే మంచిని మూడుసార్లు కూడావు. ఆ మూడింటికీ అంకెలిచ్చింది కూడా లీజు బ్రోకరే!

1772లో అమెరికా ఆయన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన స్నేహితుడు, శాస్త్రవేత్త ప్రీస్ట్లీకి రాసిన ఉత్తరంలో, కాగితం మీద గీత గీసి అటు అనుకూలాలు, ఇటు ప్రతికూలాలు మూణ్ణాలుగు రోజులు రాసుకుంటూ పోయి, సరితూగేవి కొట్టేయమన్నాడు. అయితే కారణాల బరువు బీజగణితమంత కచ్చితంగా తేలదని ఆయనే ఒప్పుకున్నాడు, తొందరపాటు తగ్గుతుందన్నాడంతే. నువ్వేమో దశాంశం దాకా పోయావు.

షీటు పారేయమనను. నీళ్ల వరస, నువ్వు ఎంతవరకు పోగొట్టుకోగలవనే వరస విడిగా తీసిపెట్టు, ఆ రెండిట్లో ఏది ఫెయిలైనా కూడికే వద్దు. మిగతావాటి వెయిటేజీలు ముందే రాసి మళ్లీ ముట్టుకోకు. ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ చేసి చూడు, జవాబు తిరగబడితే షీటు ఏమీ తేల్చనట్టే.

పోయినసారి ఆ గుంటలు చేసినాయన ఎందుకు వదిలేశాడో అనేదానికి నీ షీటులో వరసే లేదు. ఆయనది గంగపట్నం, నేను మాట్లాడి ఉంచుతాను. శనివారం పాటు వేళకి, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళకి వచ్చేయ్, పక్క గుంటల తూములు ఎక్కడ తెరుస్తారో, మన మోటారు ఎక్కడ పడుతుందో చూద్దాం. అడ్వాన్సు మాత్రం అప్పటిదాకా ఇవ్వొద్దు.

మీ బాబాయి