ప్లేస్‌మెంట్ల ముందు ఆదివారం పాఠాలు: అమ్మాయిని వెళ్లనివ్వవచ్చా?

ప్రశ్న: మాది హిందూపురం. మా అమ్మాయి బెంగళూరులో వీటీయూ (విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం) పరిధిలోని ఒక కాలేజీలో బీఈ కంప్యూటర్ సైన్స్ ఐదో సెమిస్టర్ చదువుతోంది. బొమ్మనహళ్లిలో ఒక స్వచ్ఛంద సంస్థ గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే వారికి ఆదివారాల్లో కోడింగ్ నేర్పుతోందట. అక్కడ మెంటర్‌గా చేరతానని పట్టుబడుతోంది. ప్లేస్‌మెంట్లు దగ్గర పడుతుంటే ఇది అవసరమా? రేపు ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: వెళ్లనివ్వండి. అయితే ఏడో సెమిస్టర్ మొదలయ్యేలోగా ముగిసే ఒక్క బ్యాచ్‌కే ఒప్పుకోమనండి. సర్టిఫికెట్ కోసమే అయితే మాత్రం ఆదివారం ఇంట్లో కూర్చుని ప్రోగ్రామింగ్ సమస్యలు సాధన చేయడమే మేలు, ఎందుకంటే ఆ కాగితాన్ని ఇంటర్వ్యూ చేసేవారు రెండోసారి చూడరు.

ఆ తరగతిలో మీ అమ్మాయికి ఏం ఒరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. కుట్టుపని చేసే ఒకావిడ తన నెల జీతానికి ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) కలిపే చిన్న ప్రోగ్రామ్‌ను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిందనుకుందాం. జీతం 13000, ఓటీ 1500 అని టైపు చేస్తే 14500 రావాలి; తెరమీద 130001500 అని వస్తుంది. ఇన్‌పుట్ ఫంక్షన్ ద్వారా వచ్చిన దేనినైనా పైథాన్ అక్షరాల వరుసగానే తీసుకుంటుంది కనుక, రెండింటినీ కూడకుండా పక్కపక్కన అతికించేసింది. ముందే ‘ఇంట్’ అనే ఫంక్షన్‌తో అంకెలుగా మార్చి ఉంటే సరిపోయేది. మీ అమ్మాయికి ఈ తప్పు చూడగానే తెలిసిపోతుంది. కానీ కీబోర్డు తనవైపు లాక్కుని సరిచేసేస్తే ఎదుటివారికి మిగిలేది ఏమీ ఉండదు. ‘ఈ జవాబులో మీ జీతం ఎక్కడుంది, ఓటీ ఎక్కడుంది, చూపించండక్కా’ అని అడిగి, ఆవిడ వేలు 13000 దాటాక ఆగేదాకా నోరు కట్టేసుకుని కూర్చోవాలి. కొత్తగా చేరిన మెంటర్లలో ఎక్కువ మందికి చేతకానిది ఇదే.

ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో సొంతంగా రాసే కోడ్ కంటే, ఇతరులు రాసినదాన్ని చదివి లోపం ఎక్కడుందో పట్టుకోవడమే ఎక్కువగా ఉంటుంది. ఇంటర్వ్యూలోనూ సమాధానం రాశాక ‘ఎందుకిలా రాశారు’ అని అడుగుతారు. మార్కులు బాగా ఉన్న పిల్లలు అక్కడే తడబడుతుంటారు. వారం వారం ఏమీ తెలియనివారికి విడమరచి చెప్పిన అమ్మాయి అక్కడ తడుముకోదు. రెజ్యూమెలో ‘సమాజసేవ’ అని ఒక్క మాట రాసి వదిలేయకుండా, ఎంతమందికి, ఏ భాషలో, ఏ స్థాయి వరకు నేర్పిందో, వారు చివరికి ఏం తయారుచేశారో రాయమనండి.

ఇక నేర్చుకునేవారి సంగతి. వారంలో దొరికే ఒక్క సెలవును వదులుకుని, బట్టలు ఉతకడం, పిల్లల పనులు పక్కనబెట్టి వస్తారు. చాలామందికి లాప్‌టాప్ ఉండదు. ఇంటికెళ్లాక సాధన చేయాలంటే ఫోన్‌లోనే, బ్రౌజర్‌లో పైథాన్ నడిపే గూగుల్ కొలాబ్ తెరవాలి, ఆ చిన్న కీబోర్డు మీద బ్రాకెట్లు, లైను ముందు ఖాళీలు వేయడమే ఒక ప్రయాస. పైథాన్‌లో ఆ ఖాళీలు తప్పితే ప్రోగ్రామ్ నడవదు, ఎర్రర్ ఇంగ్లీషులో వస్తుంది, తప్పు తమలోనే ఉందనుకుని మనిషి ముడుచుకుపోతుంది. హిందూపురం పిల్ల కనుక మీ అమ్మాయికి తెలుగుతో పాటు కన్నడం కూడా వచ్చే ఉంటుంది. ఆ గదిలో అది పెద్ద ఆస్తి. ఐఐటీ బాంబేలో రూపొందిన స్పోకెన్ ట్యుటోరియల్ వీడియో పాఠాల్లో తెలుగువి కూడా ఉచితంగా దొరుకుతాయి, వాటిని ఒకసారి చూడమనండి.

చేరేముందు ఆ సంస్థవారు నేర్చుకునేవారికి ఏమని చెబుతున్నారో తప్పక కనుక్కోమనండి. ఆదివారాల పాఠాలతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందని చెబుతుంటే, మారతహళ్లి వీధుల్లో కనిపించే ‘జాబ్ గ్యారంటీ’ బోర్డులకూ దానికీ తేడా లేదు. అక్కడ చేరవద్దనే నా సలహా. స్ప్రెడ్‌షీట్‌లో లెక్కలు, చిన్న వెబ్‌పేజీ, ఫ్యాక్టరీలోనే సూపర్‌వైజర్ లేదా డేటా ఎంట్రీ పనికి మారేంత నైపుణ్యం అని చెబుతుంటే నమ్మవచ్చు. నేర్చుకునేవారి నుంచి గానీ మెంటర్ల నుంచి గానీ డబ్బు అడిగినా దూరంగా ఉండాలి.

మరో విషయం. వీటీయూ బీఈ విద్యార్థులు డిగ్రీ పొందాలంటే క్రెడిట్లతో పాటు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) నిర్దేశించిన 100 యాక్టివిటీ పాయింట్లు కూడా సంపాదించాలి. డిప్లొమా తర్వాత నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారికి అవి 75. మార్కుల సగటైన సీజీపీఏలో కలవవు కాబట్టి పిల్లలు చివరి సెమిస్టర్ దాకా పట్టించుకోరు. ఈ పని వాటి కిందకు వస్తుందో లేదో కాలేజీలోని కోఆర్డినేటర్‌ను మొదలుపెట్టకముందే అడిగి, ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోవాలి. పని పూర్తయ్యాక అడిగితే కుదరకపోవచ్చు.

రాకపోకల గురించి మీకు బెంగ ఉంటే, 2025 ఆగస్టులో మొదలైన మెట్రో యెల్లో లైన్ బొమ్మనహళ్లి మీదుగానే వెళుతుంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో చిక్కుకోనక్కర్లేదు.

చేరే రోజునే తన ఇంటర్నల్స్, సెమిస్టర్ పరీక్షల తేదీలను సంస్థకు ఇచ్చి, ఆ వారాలకు మరో మెంటర్‌ను చూసుకోమని చెప్పమనండి. ప్రతి తరగతి తర్వాత ఎవరు ఎంతవరకు వచ్చారో ఒక షీట్‌లో రాసిపెడితే, ఆ రోజు వచ్చే కొత్త మెంటర్ మళ్లీ మొదటి పాఠం నుంచి ఎత్తుకోవలసిన పని ఉండదు.