పరుగుకు ముందు, తర్వాత మసాజ్: ఏ పద్ధతి, ఎంత ఒత్తిడి, ఎప్పుడు?

మీ ప్రశ్నలో మూడు అంశాలున్నాయి. మారథాన్ సాధనలో ఉన్నవారికి మసాజ్ వల్ల వేగం పెరుగుతుందా, నొప్పి పుట్టేలా లోతుగా నొక్కించుకుంటేనే ఫలితం ఉంటుందా, పందేనికి ఎంత ముందు, ఎంత తర్వాత చేయించుకోవాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా క్రీడాకారులకు మసాజ్ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువ మంది దూరపు పరుగువారు, మిగిలినవారు సైక్లిస్టులు, వెయిట్‌లిఫ్టర్లు. నా చేతికి తెలిసినదాన్నీ, ఈ విషయంపై జరిగిన అధ్యయనాల్లో నమ్మదగినవని నాకు తోచినవాటినీ కలిపి ఈ జవాబు రాస్తున్నాను. ముందుగా నా అభిప్రాయం చెబుతాను: ఏ పద్ధతి అన్నదానికన్నా ఎప్పుడు, ఎంత ఒత్తిడితో అన్నదే ముఖ్యం. శిక్షణ మధ్యలో మేలు చేసిన మర్దననే పందెం ముందురోజు రాత్రి చేయించుకుంటే, మరునాడు కాళ్లు బరువెక్కి ఇబ్బంది పెట్టవచ్చు.

వేగం సంగతి సూటిగా చెబుతాను. మసాజ్ వల్ల పరుగు వేగం పెరుగుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 29 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 1,012 మంది ఫలితాలను కలిపి విశ్లేషించి 2020లో ప్రచురించారు. బలం, ఎగిరే ఎత్తు, స్ప్రింట్ (కొద్ది దూరపు వేగ పరుగు), ఓర్పు వీటిలో దేనిలోనూ మసాజ్ వల్ల మెరుగుదల వారికి కనబడలేదు. కండరాలు సాగే గుణంలోనూ, వ్యాయామం తర్వాతి రోజుల్లో వచ్చే నొప్పిలోనూ మాత్రం కొద్దిపాటి మేలు కనిపించింది. అంతకుముందు 2018లో 99 అధ్యయనాలను పరిశీలించిన మరో సమీక్ష చల్లటి నీటి స్నానం, బిగుతు దుస్తులు, తేలికపాటి వ్యాయామం వంటి కోలుకునే మార్గాలను పోల్చి చూసి, నొప్పినీ అలసట భావననూ తగ్గించడంలో మసాజ్‌ను అన్నిటికన్నా ముందు నిలిపింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నా అనుభవంతో సరిపోతాయి. మసాజ్ బల్ల దిగినవారు కాళ్లు తేలికయ్యాయని అంటారు, ఆ మాట నిజమే. అయితే ఆ తేలికదనం గడియారంలో సెకన్లుగా కనబడదు. మరునాటి సాధనకు ఇష్టంగా బయలుదేరగలగడం, అడుగు కుంటకుండా పడటం, రాత్రి నిద్ర పట్టడం వంటి వాటిలో కనబడుతుంది. నెలల తరబడి సాగే మారథాన్ శిక్షణలో ఇవి చిన్న విషయాలు కావని నేను గట్టిగా నమ్ముతాను.

చాలామంది నాతో చెప్పే కారణం ఒకటుంది: కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని మసాజ్ బయటికి తోసేస్తుందని. ఇది సరికాదు. తీవ్రంగా పరిగెత్తినప్పుడు పెరిగే లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం) సుమారు గంటలోపే దానంతటదే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. పైగా కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ముంజేతి కండరాలపై చేసి 2010లో ప్రచురించిన ప్రయోగంలో, వ్యాయామం ముగిసిన వెంటనే చేసిన మర్దన రక్తప్రవాహానికి అడ్డుపడి, లాక్టేట్ తొలగింపును నెమ్మదింపజేసిందని తేలింది. రెండో రోజు మెట్లు దిగుతుంటే తొడల్లో పుట్టే నొప్పికి మూలం వేరు. కండరం సాగుతూనే బరువును ఆపవలసి వచ్చినప్పుడు, ముఖ్యంగా పల్లం వైపు పరిగెత్తేటప్పుడు, దాని పోగుల్లో సూక్ష్మమైన దెబ్బలు తగులుతాయి. వాటివల్ల కలిగే నొప్పి సాధారణంగా 24 గంటల నుంచి 72 గంటల మధ్య తారస్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గుతుంది.

మరి మసాజ్ లోపల చేసేదేమిటి? దీనిపై నాకు బాగా నచ్చిన ప్రయోగం కెనడాలోనే మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగింది; 2012లో వెలువడింది. పదకొండు మంది యువకులు అలసిపోయేదాకా సైకిల్ తొక్కాక, ఒక్కొక్కరికీ ఒక తొడకు మాత్రమే పది నిమిషాల మర్దన చేసి, రెండు తొడల నుంచీ కండరపు ముక్కలు తీసి పోల్చారు. మర్దన చేసిన తొడలో వాపుకు సంబంధించిన సంకేతాలు తగ్గాయి, కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియా కొత్తగా తయారు కావడానికి దారితీసే సంకేతాలు పెరిగాయి. లాక్టేట్‌లో మాత్రం తేడా లేదు. పాల్గొన్నవారు తక్కువ మంది కాబట్టి దీన్నిబట్టి పెద్ద తీర్మానాలు చేయలేము. అయినా నొప్పి తగ్గడం కేవలం మన ఊహ కాదని అనుకోవడానికి ఇది ఒక ఆధారం.

ఇక పద్ధతులు. నేటికీ వాడుకలో ఉన్న స్వీడిష్ మసాజ్ ఐదు రకాల చేతిపనులపై నిలబడి ఉంది: పొడవుగా నిమరడం, పిసకడం, ఒకచోట రుద్దడం, తట్టడం, కంపింపజేయడం. వీటికి ఫ్రెంచి పేర్లు స్థిరపడటంలో 19వ శతాబ్దపు డచ్ వైద్యుడు యోహాన్ గియోర్గ్ మెట్స్‌గర్ పాత్ర ముఖ్యమైనది. క్రీడాకారుల మసాజ్ కూడా ప్రధానంగా వీటి కలయికే. డీప్ టిష్యూ, స్పోర్ట్స్ మసాజ్ అని పేర్లు మారినా చెయ్యి చేసే పనులు ఇవే. వేగం, లోతు, క్రమం మారతాయి.

పిక్కను ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే దూరపు పరుగువారు బల్లమీద పడుకోగానే ముందుగా చూపించేది దాన్నే. బోర్లా పడుకున్నవారి చీలమండ కింద చుట్టిన తువాలు పెడతాను. దానివల్ల మోకాలు కొద్దిగా వంగి పిక్క వదులవుతుంది. నూనె అరచేయి జారేంత మాత్రమే ఉండాలి, ఎక్కువైతే కండరంపై పట్టు దొరకదు. మడమ నుంచి మోకాలి వైపుగా రెండు అరచేతులతో నెమ్మదిగా నిమురుతూ మొదటి రెండు మూడు నిమిషాలు గడుపుతాను. ఎక్కడ వెచ్చగా ఉందో, ఎక్కడ తాడులా బిగిసి ఉందో, ఎక్కడ తాకగానే కాలు ఉలిక్కిపడుతోందో ఈ నిమరడంలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత పిక్కను ఎముక మీదినుంచి కొద్దిగా పైకెత్తి, రెండు చేతుల మధ్య అటూ ఇటూ మారుస్తూ పిసుకుతాను. పైనున్న పెద్ద కండరం వదులయ్యాక, మోకాలిని లంబకోణం వరకు వంచి పాదాన్ని పైకి ఎత్తి పట్టుకుంటే, అడుగునున్న సోలియస్ కండరం నా చేతి బొటనవేలికి అందుతుంది. దూరపు పరుగులో ఎక్కువ భారం మోసేది అదే, ఎక్కువమంది మర్దనలో వదిలేసేదీ అదే. బిగిసినచోట బొటనవేలిని స్థిరంగా ఆనించి, పాదాన్ని మెల్లగా పైకీ కిందికీ ఆడించమని వారినే అడుగుతాను. ఆ కదలికతో కండరం నా వేలి కింద జరుగుతుంది, నేను అదనంగా బలం పెట్టవలసిన అవసరం ఉండదు. మోకాలి వెనుక గుంటను మాత్రం ఎప్పుడూ నొక్కను, అక్కడ రక్తనాళాలు, నరాలు పైపైనే ఉంటాయి.

పిక్కను మడమకు కలిపే ఆకిలిస్ స్నాయువు నొప్పి పెడితే, దాని పోగులకు అడ్డంగా గట్టిగా రుద్దమని కొందరు అడుగుతారు. ఆంగ్ల వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. దీర్ఘకాలంగా ఉన్న ఆకిలిస్ నొప్పికి రుద్దడంకన్నా, మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే బలవర్ధక వ్యాయామానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. దానికి పన్నెండు వారాల ఓపిక కావాలి, బల్లమీద పడుకుని తీర్చుకునే సమస్య కాదది.

ఎంత గట్టిగా నొక్కాలన్న మీ రెండో ప్రశ్నకు వస్తాను. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలిస్తే ఆరు దాటనివ్వకండి. ఊపిరి బిగబట్టారన్నా, కాలివేళ్లు ముడుచుకున్నాయన్నా, కండరం నా చేతిని ఎదిరిస్తోందన్నా ఒత్తిడి మితిమీరిందనే అర్థం. అక్కడినుంచి ఎంత నొక్కినా కండరం వదులు కాదు, మరింత బిగుసుకుంటుంది. గట్టిగా నొక్కితే లోపలి ముడులు విరిగిపోతాయన్న నమ్మకానికీ బలం లేదు. తొడ పక్కనున్న గట్టి పొరనూ, అరికాలి పొరనూ ఏ కొంచెమైనా సాగదీయడానికి కావలసిన బలం చేతితో పెట్టగలిగే బలానికి చాలా ఎక్కువని 2008లో వెలువడిన ఒక గణిత అధ్యయనం చూపింది. కాబట్టి మర్దన తర్వాత కాలు మరింత వంగుతోందంటే ప్రధానంగా మారింది నాడీవ్యవస్థ, అది ఆ సాగుదలను ఇప్పుడు సహిస్తోంది. ఈ సంగతి అర్థమైతే మోచేతితో శిక్షించే పద్ధతి అక్కర్లేదని అర్థమవుతుంది. మితిమీరిన మర్దనవల్ల కండరం చితికి, దాని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకు ముప్పు తెచ్చిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. మర్దన తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరికి వెళ్లండి.

వేళ విషయంలో నేను పాటించే క్రమం ఇది. లోతైన మర్దనను కఠినమైన సాధన లేని రోజులకు, పందెం వారంలోనైతే నాలుగైదు రోజుల ముందుకు పెట్టుకోవాలి. దానివల్ల కలిగే సలుపు తగ్గడానికి వ్యవధి ఉండాలి. మీరు ఎప్పుడూ చేయించుకోని పద్ధతిని ఆ వారంలో తొలిసారి ప్రయత్నించకండి. పందెం రోజున కావాలంటే పది నిమిషాలకు మించని, చురుకైన, పైపై మర్దన చాలు: వేగంగా నిమరడం, తేలికగా పిసకడం, తట్టడం. అది వార్మప్‌కు తోడు మాత్రమే, దాని స్థానంలోకి రాలేదు. నెమ్మదైన లోతైన ఒత్తిడి శరీరాన్ని విశ్రాంతి వైపు మళ్లిస్తుంది, పరుగు మొదలయ్యే ముందు మనకు కావలసింది దానికి విరుద్ధం. పందెం ముగిశాక వెంటనే బల్ల ఎక్కవద్దు. పది పదిహేను నిమిషాలు నడిచి, నీళ్లు తాగి, ఏదైనా తిని, ఒళ్లు ఆరాక రండి. అప్పుడు కూడా నిమరడమే ప్రధానంగా, పావుగంట చాలు. మారథాన్ ముగించినవారి తొడలను ఆ గంటలో లోతుగా నొక్కడమంటే దెబ్బ తగిలినచోట మళ్లీ దెబ్బ వేయడమే. లోతైన పనికి రెండు మూడు రోజులు ఆగాలి. ఆలోగా పిక్క పట్టేస్తే దాన్ని పిసకడం మొదలుపెట్టకుండా, పాదాన్ని మోకాలి వైపు వంచి, అది వదిలేదాకా అలాగే పట్టి ఉంచండి.

మసాజ్ చేయకూడని సందర్భాల గురించి చెప్పకపోతే ఈ జవాబు ప్రమాదకరమవుతుంది. ఒకసారి ఒక పరుగువారు దూరదేశపు పందెం ముగించుకుని, సుదీర్ఘ విమాన ప్రయాణం చేసి, తిన్నగా నా దగ్గరికి వచ్చారు. ఎడమ పిక్క పట్టేసిందని, గట్టిగా మర్దన చేయమని అడిగారు. రెండు కాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమది స్పష్టంగా లావుగా ఉంది, చర్మం వెచ్చగా, కాస్త ఎర్రగా ఉంది. రెండు కాళ్లూ సమానంగా పరిగెత్తినప్పుడు ఒక్కటే ఇలా వాచడం మామూలు నొప్పి లక్షణం కాదు. చెయ్యి వేయనని చెప్పి, వెంటనే ఆసుపత్రికి పంపించాను. స్కానింగ్‌లో లోతైన సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. అలాంటి కాలిని మర్దిస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు, ప్రాణమే పోవచ్చు. అలాగే తొడకు బలమైన దెబ్బ తగిలి కమిలినప్పుడు తొలి రోజుల్లో దాన్ని నొక్కితే రక్తస్రావం పెరుగుతుంది, కండరంలో ఎముకలాంటి పదార్థం పేరుకునే ప్రమాదం కూడా ఉంది. పరుగు మధ్యలో ఫట్‌మని తెగినట్టు అనిపించిన కండరాన్నీ, ఎముకపై ఒకేచోట వేలితో చూపగలిగే నొప్పినీ, జ్వరం ఉన్న శరీరాన్నీ మర్దనకు ఇవ్వకండి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

ప్రతి వారం మసాజ్ చేయించుకోవడం కుదరకపోతే ఫోమ్ రోలర్ (కండరం కింద పెట్టి దొర్లించే గట్టి నురగ దిమ్మ) చాలావరకు సరిపోతుంది. 2019లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, వ్యాయామానికి ముందు దాన్ని వాడితే సాగే గుణం సుమారు 4 శాతం, స్ప్రింట్ 0.7 శాతం మెరుగుపడ్డాయి. తర్వాత వాడితే నొప్పి భావన సుమారు 6 శాతం తగ్గింది. ఒక్కో కండరానికి ఒకటి రెండు నిమిషాలు, నెమ్మదిగా, ఊపిరి ఆపకుండా దొర్లించండి. మోకాలి చిప్ప పైనా, నడుము దిగువన నేరుగా వెన్నెముకపైనా వద్దు. కండరాన్ని వేగంగా తట్టే చేతి యంత్రం, మసాజ్ గన్ కూడా పనికొస్తుంది. ఒక చిన్న ప్రయోగంలో పిక్కపై ఐదు నిమిషాలు వాడాక చీలమండ వంపు సుమారు ఐదు డిగ్రీలు పెరిగింది, బలం తగ్గలేదు. దాన్ని కండరం మీద ఆనించి జరపడమే కానీ అదిమి పట్టకూడదు. మెడ ముందు భాగం, గజ్జలు, మోకాలి వెనుక గుంట, ఎముక పైకి కనిపించేచోట్లు దానికి నిషిద్ధం. ఈ రెండింటిలో ఒక్కటే కొనదలచుకుంటే రోలరే కొనండి, సాధన ముగిశాక పిక్కలతో మొదలుపెట్టండి.