నాన్న అడిగింది ఒక్క మాటే

ప్రశ్న: నాకు 23 ఏళ్ళు. సెప్టెంబర్‌లో మాస్టర్స్ చదవడానికి లండన్ వచ్చాను. ఫీజు కోసం నాన్న బ్యాంక్ లోన్ తీసుకున్నారు. మొన్న ఆదివారం రూమ్మేట్స్‌తో బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళి ఫొటోలు స్టేటస్ పెట్టాను. ఆ రోజే నాన్న ఫోన్ చేసి 'చదువెలా ఉందమ్మా?' అన్నారు. సిగ్గేసి స్టేటస్ తీసేశాను. అప్పట్నుంచి ఎవరు ఎక్కడికి రమ్మన్నా పని ఉందని చెప్పి రూమ్‌లోనే ఉంటున్నాను. అలాగని చదువూ బుర్రకెక్కడం లేదు. ఆ టైమ్‌లో ఇంకో షిఫ్ట్ చేస్తే లోన్‌కి పనికొస్తుందని ఒక సీనియర్ అంటోంది. నేను బయటికి వెళ్ళడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. నా కూతురి వయసు నీది, అందుకే 'నువ్వు' అనే రాస్తున్నాను.

మీ నాన్నగారు అడిగింది ఒక్క మాటే. 'అప్పు చేసి పంపిస్తే షికార్లు తిరుగుతున్నావా' అని ఆయన అనలేదు. అది నీకు నువ్వే ఆయన గొంతుతో అనుకున్నావు. పిల్లలు దూరంగా ఉంటే చాలామంది తండ్రులకి ఫోన్‌లో ఏం మాట్లాడాలో తోచదు. 'ఎలా ఉన్నావు, బెంగగా ఉందా' అని అడగలేక చదువు గురించి అడుగుతారు. ఒకవేళ ఆయనకి నిజంగానే కాస్త టెన్షన్ ఉందనుకో, స్టేటస్ తీసేస్తే అది పెరుగుతుందే కానీ తగ్గదు. ఆయనకి కనిపించింది ఆదివారం ఒక్కటే. లైబ్రరీలో కూర్చున్నదీ, షిఫ్ట్ అయ్యాక బస్సులో కునికిపాట్లు పడుతూ వచ్చిందీ ఎవరూ స్టేటస్ పెట్టరు కదా. ఆ మిగతా ఆరు రోజుల సంగతి నువ్వు చెబితేనే ఆయనకి తెలుస్తుంది.

రూమ్‌లో కూర్చుంటే లోన్ ఒక్క రూపాయి కూడా తగ్గదు. నువ్వు వెళ్ళిన మ్యూజియంకి అసలు టికెట్టే లేదు. నేషనల్ గ్యాలరీ, టేట్ మోడరన్, సైన్స్ మ్యూజియం కూడా అంతే. ప్రత్యేక ప్రదర్శనలకి తప్ప డబ్బు కట్టక్కర్లేదు. రిచ్‌మండ్ పార్క్‌లో జింకల్ని చూస్తూ సగం రోజు నడవచ్చు. బస్సు ఎక్కితే మొదటి ఛార్జీతోనే గంటలోపు ఎన్ని బస్సులైనా మారొచ్చు. శనివారం ఉదయం 9 గంటలకి చాలా పార్కుల్లో పార్క్‌రన్ ఉంటుంది. 5 కిలోమీటర్లు, ఉచితం, నడిచినా ఎవరూ ఏమీ అనరు. 2004లో అది మొదలైంది కూడా లండన్‌లోని బుషీ పార్క్‌లోనే. నీలా కొత్తగా వచ్చినవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే. వారం వారం అవే ముఖాలు కనిపిస్తుంటే ఊరు కొంచెం మనదవుతుంది.

ఖర్చు పెరిగేది పబ్బుల దగ్గర, ఊరు దాటి వెళ్ళే ట్రిప్పుల దగ్గర. నెలకి ఇంత అని ఒక మొత్తం అనుకుని పక్కన పెట్టుకో. అది అయిపోతే 'పని ఉంది' అని అబద్ధం చెప్పకు. 'ఈ నెల డబ్బుల్లేవు, ఆదివారం పార్క్‌కి వెళ్దామా' అను. వాళ్ళల్లో కనీసం ఒకరికి ఆ మాట వింటే ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే వాళ్ళకీ ఇంటి దగ్గర లోన్ ఉండే ఉంటుంది. నలుగురిలో వెనకబడతానేమో అన్న భయంతో మాత్రం ఎక్కడికీ వెళ్ళకు. అలా వెళ్ళొస్తే డబ్బూ పోతుంది, మనసూ తేలికపడదు.

ఆ సీనియర్ సలహా గురించి గట్టిగానే చెబుతున్నాను. డిగ్రీ, మాస్టర్స్ చదివే స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల కంటే ఎక్కువ పని చేయకూడదు. క్యాష్ ఇస్తారని ఆ పైన ఒక్క షిఫ్ట్ చేసినా వీసాకే ముప్పు. లోన్ తీర్చాలన్న తొందరలో లోన్ తీసుకున్న చదువునే పోగొట్టుకుంటావు. దయచేసి వద్దు.

ఇంకొకటి. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. పగలంతా గదిలో ఉండిపోతే వెలుతురే తగలదు. చదువు ఎక్కకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. రోజూ మధ్యాహ్నం అరగంట బయట నడువు. రెండు మూడు వారాలైనా మార్పు లేకపోతే, నిద్ర పట్టకపోయినా ఊరికే ఏడుపొచ్చినా, యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి గానీ నీ జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి గానీ వెళ్ళు.

ఈ ఆదివారం గ్రీనిచ్ పార్క్‌కి వెళ్ళు. గుట్ట ఎక్కితే కింద థేమ్స్, దాని వెనక ఊరంతా కనిపిస్తుంది. చలికాలంలో అక్కడ ఉదయం 11 అయితే ఇంటి దగ్గర సాయంత్రం నాలుగున్నర. అక్కణ్ణుంచే నాన్నగారికి వీడియో కాల్ చేసి ఫోన్ ఆ నది వైపు తిప్పి చూపించు. తర్వాత ఈ వారం ఏం చదివావో చెప్పు. ఆ రోజు స్టేటస్ ఎందుకు తీసేశావో కూడా దాచకుండా చెప్పు.